ఇంకో నూరు ఫీట్లు

మా స్కానింగ్ గదిలో మనుషులకు పేర్లుండేవి కావు. "బయట ఎవరున్నారు?" అని అడిగితే "రెండు నడుములు, ఒక మోకాలు, ఒక తలకాయ" అని జవాబు వచ్చేది. అడిగేదీ నేనే, ఆ భాష కుర్రాళ్లకు నేర్పిందీ నేనే. ఇదే పనిలో ఉన్న మీలో చాలామంది ఇప్పటికీ అట్లాగే పిలుచుకుంటున్నారని తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఉద్యోగమంతా ఆ అలవాటుతోనే అన్నం తిన్నవాణ్ని. కానీ ఒక రోజు ఆ అలవాటు నాచేత ఒక పని చేయించింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా అది ఇంకా గొంతులో ముల్లులాగే ఉంది.

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కనున్న ఆ దవాఖానలో ఎంఆర్ఐ మిషన్ పెట్టిన ఏడాదే విమానాశ్రయం కూడా తెరిచారు. 2008. అప్పటిదాకా నేను పాతబస్తీలో చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగినవాణ్ని. కొత్త మిషన్ పని నేర్చుకుని అక్కడ చేరాను. నాకు రెండు పేర్లొచ్చాయి. ఒకటి చెయ్యి మంచిదని, రెండోది నోరు మంచిది కాదని. మొదటిది పెద్ద డాక్టరు గారిచ్చింది, రెండోది మిగతా అందరూ కలిసి ఇచ్చింది. పెద్ద డాక్టరంటే మేం తీసిన బొమ్మలు చదివి రిపోర్టు రాసే ఆయన. గోదావరి జిల్లా మనిషి. నన్ను తిట్టినా 'గారు' చేర్చి తిట్టేవారు.

మిషన్ అంటే ఒక పెద్ద అయస్కాంతం. లోపలికి పోయేవాళ్ల ఒంటి మీద లోహం ఉండకూడదు. మగవాళ్లతో పేచీ లేదు, బెల్టు తీసి పడేస్తారు. ఆడవాళ్ల మెడలో పుస్తెలతాడు ఉంటుంది. అది తీయమంటే ప్రాణం తీయమన్నట్టు చూసేవాళ్లు. అందుకని పసుపు కొమ్ము కట్టిన దారం ముందు మెడలో వేసుకుని, ఆ తర్వాత పుస్తెలు తీసి భర్త చేతికో తల్లి చేతికో ఇచ్చేవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆ సంగతి ముందు తెలియదు కాబట్టి దారాలు మేమే తయారుగా పెట్టుకునేవాళ్లం. వాటిని కట్టేది ఖాలా.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, అందరం అట్లాగే పిలిచే ఆమె మా దగ్గర ఆయా. జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆడ పేషెంట్లకు గౌను తొడిగి, నగలు తీయించి తయారు చేసే పని ఆమెదే. భర్త పోయి ఇరవై ఏళ్లయింది. శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక పళ్లెంలో పసుపు కొమ్ములు పోసుకుని, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, వారానికి సరిపడా దారాలు కట్టేది. ముడి వేసేటప్పుడు ఏదో గొణిగేది. దువా చదువుతున్నావా అని ఒకసారి అడిగాను. "నీ నోరు జర సల్లగుండాలెనని అల్లాను అడుగుతున్న భాయ్" అంది.

ఆ మొదటి ఏడాదే ఒక తలకాయ వచ్చింది. ఆమె పేరు రాయను. మహేశ్వరం అవతల ఊరు, వయసు ముప్పై అయిదు దాటదు. తలలో గడ్డ అయితే నగరంలో ఆపరేషన్ చేశారు. గడ్డ మళ్లీ లేస్తుందేమో చూడటానికి ఆర్నెల్లకోసారి స్కాన్ తీయించుకోమన్నారు. ఎన్నేళ్లు అని అడిగితే ఆ డాక్టర్లు చెప్పలేదట. అట్లాంటి జబ్బులో ఎన్నేళ్లని ఎవరూ చెప్పరు.

తల స్కాన్ అంటే ముఖం మీద పంజరంలాంటిది బిగించి, మనిషిని గొట్టంలోకి నెడతాం. చేతిలో ఒక రబ్బరు బంతి పెడతాం, తట్టుకోలేకపోతే నొక్కమని. ఆమె నేను తలుపు వేసేలోపే నొక్కింది. మళ్లీ పెట్టాను, మళ్లీ నొక్కింది. మూడోసారి బల్ల మీద లేచి కూర్చుని వణికిపోతూ, "బతికుండంగనే బొందల పెడుతున్నరు సారు" అంది. బయట మూడు నడుములు ఎదురు చూస్తున్నాయి. నేను ఏదో కటువుగానే అన్నాను. అప్పుడు ఆమె భర్త ముందుకొచ్చాడు. లోపల కూర్చుంటానన్నాడు. కుదరదన్నాను. ఖాలా నా మాట విననట్టే అతని జేబులు ఖాళీ చేయించి, బెల్టు విప్పించి, చెవుల్లో దూది పెట్టి లోపలికి తోలింది.

అతను గొట్టం చివర స్టూలు మీద కూర్చుని ఆమె కాలి బొటనవేలు పట్టుకున్నాడు. అంతే. అరగంట సేపు ఆమె కదల్లేదు.

బయటికొచ్చాక అతను చెవుల్లో దూది పీకుతూ, "సారు, ఇది మిషన్ గాదు, బోరుబండి" అన్నాడు. ఎంఆర్ఐ చప్పుడు విన్నవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. కొట్టుడు, ఆగుడు, మళ్లీ ఇంకో రకం కొట్టుడు. అతనికి బోర్ల సంగతి బాగా తెలుసు. చెలకలో మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. బోరు వేసినప్పుడల్లా బండివాడు ఇక చాలన్నా ఇతను వినేవాడు కాదట. "ఇంకో నూరు ఫీట్లు పోనియ్యి" అని పట్టుబట్టేవాడట. అది చెబుతూ భార్య నవ్వింది. మా గదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

ఎవుసం వదిలేసి అతను విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీలు ఏరి వరస పెట్టే పనిలో చేరాడు. డ్యూటీకి పోయే ముందు యూనిఫాంలోనే వచ్చేవాడు. భార్యను చక్రాల కుర్చీలో తోయడానికి మా కుర్రాళ్లను ముట్టుకోనిచ్చేవాడు కాదు. తోసుడు నా పని, మీకు చేతకాదు అనేవాడు. పాత ఫిల్ములన్నీ వానకు తడవకుండా యూరియా సంచిలో పెట్టి, పైన సుతిలితో కట్టి తెచ్చేవాడు. మూడోసారో నాలుగోసారో ఆమె నన్ను సారు మానేసి అన్నా అనడం మొదలుపెట్టింది. నేను అన్ననైతే అతను నాకు బావ. ఇక అక్కడి నుంచి మా ఇద్దరికీ బావల సరసమే. నా బట్టతల చూసి, "బావా, నీ తలకాయ తియ్యాలంటే మిషన్ ఎందుకు, కంటికే కనవడుతది" అనేవాడు.

స్కాన్‌కు అలవాటు పడటం ఎట్లా అని పుస్తకాల్లో ఏదేదో రాశారు. ఆమె అలవాటు పడిన తీరు ఏ పుస్తకంలోనూ లేదు. చప్పుడు మొదలు కాగానే కళ్లు మూసుకుని తన చెలకలో బోరు వేస్తున్నట్టు అనుకునేదట. మట్టి, ఆ తర్వాత మొరం, ఆ తర్వాత రాయి. చప్పుడు మారినప్పుడల్లా ఇన్ని ఫీట్లు అని లెక్క. చివర్లో ముంజేతి నరంలోకి మందు ఎక్కిస్తాం, గడ్డ ఉంటే తేటగా కనిపించడానికి. దానికోసం నేను లోపలికి పోవాలి. చప్పుడు అప్పుడు ఆగుతుంది. మందు నరంలో చల్లగా పాకుతుంది. సరిగ్గా అప్పుడు బావ కాలివేలు ఒకసారి నొక్కి, "నీళ్లు పడ్డయా?" అని అడిగేవాడు. గొట్టం లోపలి నుంచి, తల కదపకుండా, "పడ్డయి" అనేది ఆమె. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. నాలుగేళ్లు. వాళ్లిద్దరి మధ్య ఆ మాట దేవుడికి దీపం పెట్టినంత నియమంగా నడిచింది. చెలకలో పడని నీళ్లు మా గదిలో పడేవి.

2012లో తీసిన స్కాన్‌లో పెద్ద డాక్టరు గారికి ఒక చుక్క కనిపించింది. గడ్డ కావచ్చు, పాత ఆపరేషన్ మచ్చ కావచ్చు. మూడు నెలల్లో మళ్లీ తీసి చూస్తే గానీ చెప్పలేమని రిపోర్టు రాశారు. బావకు అది విడమరిచి చెప్పింది నేనే. అతను వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకుని, తప్పకుండా తెస్తానన్నాడు.

మూడు నెలలకు రాలేదు. ఆరు నెలలకూ రాలేదు. నేను గమనించానా అంటే, లేదు. తలకాయలకేం కొదవ.

ఏడో నెలలో వచ్చింది. ఆ రోజు పొద్దున కరెంటు పోయి మిషన్ రెండు గంటలు ఆగింది. బయట జనం కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఖాలా చెల్లెలి కూతురి పెండ్లని సెలవు పెట్టింది. ఆడవాళ్లకు దారాలు ఇచ్చే పని కూడా నా నెత్తినే పడింది. నేను ఒక చేత్తో కాగితాలు తిప్పుతూ, ఇంకో చేత్తో డబ్బాలోంచి దారం తీస్తూ, పేర్లు పిలుస్తున్నాను. ఆమె పేరు వచ్చింది. తెలిసిన పేరే కాబట్టి ఇక తల ఎత్తాల్సిన పనేముందనుకున్నాను. దారం ముందుకు చాపి, "కట్టుకో చెల్లె. పుస్తెలు బావ చేతికియ్యి" అన్నాను.

దారం నా చేతిలోంచి కదల్లేదు. విసుగ్గా తలెత్తాను. ఆమె మెడ బోసిగా ఉంది. నుదుటి మీద బొట్టు లేదు. యూరియా సంచి ఆమె చంకలోనే ఉంది.

"మీ బావ లేడు గదన్నా" అంది. గొంతులో కోపం లేదు. నాకు తెలియదేమో అని చెబుతున్నట్టే ఉంది. "దసరా ముందటనే పోయిండు. డ్యూటీల, ట్రాలీలు తోసుకుంట తోసుకుంట కూలవడ్డడు. గుండె ఆగిందన్నరు."

నేను దారాన్ని ఇంకా ముందుకు చాపే ఉన్నాను. ఆమె నా చేతిలోంచి దారం మెల్లగా తీసుకుంది. దాన్ని చూస్తూ అంది, "సచ్చేదాన్ని నేను గద. అందరు నేనే పోతననుకున్నరు. ఆయినెందుకు పోయిండన్నా?"

ఆ దారాన్ని గుప్పిట్లో మడుచుకుని, ఇయ్యాల వద్దులే అని చెప్పి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. నేను వెనక పోవాల్సింది. తలుపు దాకా అయినా పోవాల్సింది. నేనేం చేశానో తెలుసా? తర్వాతి మోకాలిని లోపలికి పిలిచాను.

నాలుగేళ్లు ఆమె తల లోపల ఏముందో పొరపొరగా చూశాను. మెడలో ఏముందో చూడలేదు.

ఖాలా రెండు రోజులకు పెండ్లి మిఠాయి తీసుకుని వచ్చింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. మిఠాయి డబ్బా మూత పెట్టేసి, "స్కాన్ తీసినవా, లేదా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. అప్పుడు నాకు అసలు సంగతి తలకెక్కింది. నేను నా సిగ్గు దగ్గరే కూర్చున్నాను గానీ, ఆమె తలలో చుక్క ఏడు నెలలుగా అట్లాగే ఉంది. అది గడ్డే అయితే ప్రతి వారమూ లెక్కే. ఫైలు మీద ఉన్న ఫోను నంబరు బావది. మోగి మోగి ఆగిపోయింది.

పెద్ద డాక్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన పాత ఫిల్మ్ దీపం మీద పెట్టి చాలాసేపు చూశారు. "పేషెంటు ఇంటికి వెళ్లి పిలవడం మన పద్ధతి కాదండీ" అన్నారు. నేను తల దించుకుని వెనుదిరిగాను. "కానీ మీరు ఆదివారం నాడు ఎక్కడికి వెళతారో నేనెందుకు అడుగుతానండీ" అన్నారు వెనక నుంచి. ఆ ఊరి పేరు ఒక చీటీ మీద అప్పటికే రాసి పెట్టారు.

ఆదివారం నేనూ ఖాలా బస్సెక్కాం. మహేశ్వరం దాటాక చెలకల్లో పంటల బదులు సున్నం కొట్టిన హద్దురాళ్లు కనిపించాయి. ఊళ్లో ట్రాలీల ఆయన ఇల్లు అంటే ఎవరైనా చూపించారు. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మమ్మల్ని చూసి గాబరాగా లేచింది. గాబరా దేనికో అర్థమైంది. స్కాన్ చేసేవాళ్లు ఇంటిదాకా వచ్చారంటే మంచి కబురై ఉండదుగా.

నేను కూర్చోకుండానే చెప్పాను. "తప్పయింది చెల్లె. చూడకుండ చేసిన."

ఆమె నాకు మంచినీళ్లిచ్చి, ఆ మాటను అక్కడే వదిలేసింది. తాను తిరిగొచ్చేసింది దారం మాటకు నొచ్చుకుని కాదంది. ఊళ్లో అంతకంటే పెద్ద మాటలు పడుతున్నానంది. శుభకార్యానికి పిలవడం మానేశారట. జబ్బుమనిషిని చేసుకుని వాడు అరిగిపోయాడు అన్నవాళ్లు కూడా ఉన్నారట. ఆ రోజు మాత్రం, దారం చూసేదాకా ధైర్యంగానే ఉందట. దారం చూశాక లోపలి గొట్టం గుర్తొచ్చింది. "ఏలు పట్టేటోళ్లు లేరు గదన్నా. ఒక్కదాన్నే ఎట్ల పోవాలె ఆ గొట్టంలకు?" అంది.

నేను అద్దం ఇవతల కూర్చుని మిషన్ నడపాలి. ఖాలా ఆమె పక్కన కూర్చుని, చాటలోంచి చింతపండు తీసి తనూ గింజ ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "ఏలు నేను పట్టుకుంట" అంది. "నా మెడల ఏం లేదు, నీ మెడల ఏం లేదు. తీసెటిది లేదు, పెట్టెటిది లేదు. ఆ మిషన్‌కు మనసొంటోళ్లంటెనే అల్కగ."

నేను భయంగా చెల్లె ముఖం చూశాను. ఆమె ముందు ఖాలా వైపు తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఖాలా చింతపండు చేతులతోనే ఆమె తల దగ్గరికి తీసుకుంది. నేను వాకిలి దాటి బయట నిలబడ్డాను. ఇంటి పక్క చెలకలో ఎండిపోయిన బోరు మీద బండరాయి మూత పెట్టి ఉంది.

మంగళవారం ఆమె వచ్చింది. ఖాలా గాజులు తీసి నా బల్ల మీద పెట్టి, చెవుల్లో దూది పెట్టుకుని, బావ కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మెట్టెలు లేని ఆ కాలి బొటనవేలు పట్టుకుంది. స్కాన్ సాఫీగా సాగింది. మందు ఎక్కించే వేళ నేను లోపలికి పోయాను. చప్పుడు ఆగింది. మందు నరంలోకి పోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఖాలాకు ఆ మాట తెలియదు. నాకు తెలుసు, కానీ అది బావ మాట. దారం దగ్గర చేసిన తప్పే మళ్లీ చేస్తానేమోనని భయపడి మందు సూది తీసుకుని బయటికొచ్చేశాను. పంజరం తీసినప్పుడు ఆమె చెవుల దగ్గర దూది తడిసి ఉంది.

చుక్క గడ్డే. పెరిగింది, కానీ చేయి దాటిపోలేదు. రేడియేషన్ ఇచ్చారు, ఆరు వారాలు రోజూ నగరానికి తిరిగింది. జుట్టు ఊడింది. తర్వాతి స్కాన్‌లో గడ్డ ఉన్నచోటే ఉంది. ఆ తర్వాతి దాంట్లో కొంచెం తగ్గింది. ప్రతిసారీ ఖాలా వేలు పట్టుకుంది. ప్రతిసారీ మందు ఎక్కేటప్పుడు గదిలో అదే నిశ్శబ్దం. నేను ఏ ఒక్కసారీ నోరు తెరవలేదు. నోటి దురుసు మనిషికి మౌనం కూడా దురుసే అవుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

దారాల డబ్బా ఆ తర్వాత నేను ముట్టలేదు. ఖాలా సెలవు పెట్టిన రోజున డ్యూటీ నర్సుకు ఇచ్చి, ముందు మనిషిని చూడు, కూర్చోబెట్టు, తర్వాత డబ్బా తెరువు అని చెప్పేవాణ్ని. మోకాళ్లనూ నడుములనూ పేర్లతో పిలవడం మొదలుపెడితే కుర్రాళ్లు ముసలాయనకు రిటైర్మెంటు దగ్గర పడిందన్నారు. నిజమే, దగ్గర పడింది.

2014లో, రాష్ట్రం వేరుపడిన ఏడాది, నా ఆఖరి పని దినం వచ్చింది. ఆమె స్కాన్ ఇంకో పదిరోజులకు ఉంటే, నాది ఆఖరి రోజని ఖాలా చెప్పిందట, ముందుకు జరిపించుకుని అదే రోజుకు వచ్చింది. జుట్టు మళ్లీ ఒత్తుగా మొలిచింది. మహేశ్వరం వైపు కొత్తగా వచ్చిన ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తున్నానంది. నా చేతిలో సకినాలు పెట్టి, "ఇగ మాకెవ్వరు దిక్కు" అని మామూలు మాటే అంది. తనే గబగబా గౌను వేసుకుని, నేను చెప్పకముందే బల్లెక్కి పడుకుంది. బొందలో పెడుతున్నారన్న మనిషి ఈమేనా అనిపించింది.

మట్టి అయింది, మొరం అయింది, రాయి అయింది. నేను సూది తీసుకుని లోపలికి పోయాను. చప్పుడు ఆగింది. మందు ఎక్కించి వెనక్కి తిరుగుతుంటే గొట్టంలోంచి ఆమె గొంతు వినిపించింది. తల కదల్లేదు.

"అన్నా, రెండేండ్లాయె. ఎవ్వరు అడుగుతలేరు. ఇయ్యాల నువ్వన్న అడుగరాదు."

ఖాలా అర్థంకాక నా వైపు చూసింది. గోడ వైపు తిరిగి అడిగాను, "నీళ్లు పడ్డయా చెల్లె?"

"పడలే అన్నా" అంది. "ఇంకో నూరు ఫీట్లు పోనియ్యి."

నేను తలుపు మూసి, అద్దం ఇవతల కూర్చుని, మిషన్ మళ్లీ నడిపించాను.